బార్ట్‌లీ వెన్నెల

తెలుగు సినిమా గొప్పదనం ఎక్కడుందని అడిగితే కొందరు పాటల్లో ఉందంటారు, కొందరు పద్యాల్లో, కొందరు నటుల్లో. నేను మాత్రం ట్రిక్కులో ఉందంటాను. కంప్యూటరన్న మాటే ఎవరూ వినని రోజుల్లో, మద్రాసు స్టూడియోల్లో, ఒక కెమెరాను, నాలుగు నల్ల అట్టముక్కలను, సన్నటి దారాలను, బోలెడంత ఓర్పును దగ్గర పెట్టుకుని మనవాళ్లు చేసిన మాయ అది. ఈ మధ్య పాత డీవీడీలన్నీ బయటికి తీసి వరసపెట్టి చూశాను. పాతాళభైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ, సీతారామ కల్యాణం, రాముడు భీముడు, వాటి మధ్యలో విఠలాచార్యవి రెండు మూడు. కొత్తవాటిలో బాహుబలి మళ్లీ చూశాను, ఆదిపురుష్ కూడా చూశాను. అన్నీ చూశాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. 1950లలో వాహినీ స్టూడియోలో పనిచేసినవాళ్ల చేతికి సాటి వచ్చే చెయ్యి ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

ఈ మాట నేను తాడేపల్లిలో కూర్చుని అంటున్నాను కాబట్టి అందులో కొంత ఊరి అభిమానం ఉంటుంది, ఉండాలి కూడా. సావిత్రి పుట్టిన చిర్రావూరు మా మండలంలోదే. నిర్మాత చక్రపాణిది తెనాలి ఐతానగరం. మాయాబజార్‌లో బలరాముడిగా నిలబడ్డ గుమ్మడి రావికంపాడు మనిషి. మాయాబజార్‌కు కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం చేసిన మాధవపెద్ది గోఖలేది పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు. ఘటోత్కచుడి పెళ్లివిందు పాటకు గొంతునిచ్చిన మాధవపెద్ది సత్యం ఊరూ అదే. నల్లరేగడిలో పత్తి, మిరప పండించే ఈ జిల్లా నుంచి ఇంతమంది వెళ్లి ఒకే సినిమాలో చేతులు కలిపారు. 1957 మార్చి 27న ఆ సినిమా విడుదలయ్యే నాటికి మా వైపు మిరప కల్లాల కాలం. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా, డేరా టాకీసుల్లో, ఊరి పండగల్లో, చివరికి అద్దె టీవీల మీద కూడా జనం ఆ బొమ్మ చూస్తూనే వచ్చారు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ పెట్టిన పోటీలో దేశంలోని సినిమాలన్నిటికంటే మాయాబజారే గొప్పదని ఓట్లు పడ్డాయి. మాకు ఆ సంగతి అంతకుముందే తెలుసు.

ట్రిక్కుకు మూలం ఎక్కడంటే, ఫ్రాన్సులో మెలియే అనే గారడీవాడు వీధిలో సినిమా తీస్తుండగా కెమెరా ఇరుక్కుపోయిందని, మళ్లీ తిరిగేసరికి తెర మీద బస్సు కాస్తా శవాల బండిగా మారిపోయిందని, అదే మొదటి స్టాప్ బ్లాక్ అని చెబుతారు. నిజమే కావచ్చు. మనకు మాత్రం అసలు గురువులు నాటకాలవాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన సురభి నాటకాలలో, తెరలతో, తీగలతో, దీపాలతో రంగస్థలం మీదే మాయలు చేసేవారు. వాళ్ల మాయాబజార్ నాటకం ఇప్పటికీ ఆడుతున్నారు. కళ్లెదుటే వస్తువులు గాలిలో తేలుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. సినిమావాళ్ల పునాది అది. 1936లోనే పి.వి. దాస్ దర్శకత్వంలో మాయాబజార్ కథ తెర మీదికి వచ్చింది. ఇంతటితో చరిత్ర చాలు. నాకు చెప్పాలనున్నది పని గురించి.

ముందు స్టాప్ బ్లాక్. అన్నిటిలోకీ తేలికని అందరూ అనుకునేది ఇదే. కెమెరాను నేలకు బిగించేస్తారు. నటుడు మాట అంటాడు, ఆగుతాడు, బొమ్మలా నిలబడిపోతాడు. కెమెరా ఆపుతారు. కంబళి తీసి ఇంకొకటి పెడతారు, లేదా మనిషిని తప్పించి ఇంకో మనిషిని నిలబెడతారు. మళ్లీ కెమెరా తిప్పుతారు. తర్వాత ఆ మధ్య ముక్క కత్తిరించి అతికిస్తే తెర మీద మాయ జరిగిపోతుంది. చెప్పడానికి మూడు నిమిషాలు పట్టదు. చెయ్యబోతే తెలుస్తుంది. ఆ పక్కన నిలబడ్డ మిగతా నటులు రెప్ప కదిలించకూడదు. పంచె మడత జారకూడదు. ధూపం వేసి ఉంటే పొగ ఉన్నచోటే ఉండాలి. దీపం వెలుగు హెచ్చుతగ్గులు కాకూడదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా తెర మీద చిన్న ఉలికిపాటు కనబడుతుంది. మాయాబజార్‌లో గింబళి అనే మాయకంబళి తనంతట తాను కదిలేటప్పుడు, గిల్పం అనే మాయతల్పం తిరగబడి కూర్చున్నవాళ్లను కింద పడేసేటప్పుడు, చెప్పులు వాటంతట అవి నడిచేటప్పుడు ఆ ఉలికిపాటు ఎక్కడుందో వెతికి పట్టుకోండి. నేను డీవీడీని ముందుకూ వెనక్కూ జరిపి, బొమ్మ బొమ్మగా ఆపి చూశాను. అక్కడ ట్రిక్కు ఉందని తెలిసి కూడా పట్టుకోలేకపోయాను. రమణారెడ్డి, చదలవాడ, నల్ల రామమూర్తి చిన్నమయ, లంబు, జంబులుగా అక్కడ నిలబడి చేసే అల్లరిలో మన చూపు కొట్టుకుపోతుంది. ఆ అల్లరి కూడా ట్రిక్కులో భాగమే. ఎక్కడ చూడకూడదో అక్కడ చూడనివ్వకుండా నటుడు మన కన్ను లాక్కుంటాడు.

తర్వాతది వెనక్కి తిప్పడం. నోట్లోంచి లడ్డూ బయటికి తీస్తూ ఫొటో తీసి, ఫిల్మును తిరగేస్తే లడ్డూ ఎగిరొచ్చి నోట్లో పడుతుంది. ఇలాంటి షాట్లు తీసేటప్పుడు కష్టమంతా నటుడిది. నవ్వును వెనక నుంచి ముందుకు నవ్వాలి. గుటకను వెనక్కి మింగాలి. ఘటోత్కచుడి విందు పాటలో ఎస్.వి. రంగారావు ముందు పళ్లేలు కదులుతాయి, లడ్డూలు బారులు తీరి నోటి దారి పడతాయి. ఏ షాటు తిప్పి తీశారో, ఏ షాటు దారంతో లాగారో మనకు అనవసరం. ఆ పాట నడుస్తున్నంతసేపూ ఆయన ముఖంలో ఒక్క క్షణం కూడా, ఇదుగో నేనిప్పుడు ట్రిక్కు షాట్‌లో ఉన్నాను అన్న బిగుసుదనం లేదు. తిండి మీద ఆశ, ఆకలి, ఆనందం అంతే. ఈనాటి నటులను నీలంరంగు తెర ముందు నిలబెడితే వాళ్ల కళ్లు ఎక్కడ చూడాలో తెలియక తేలిపోతుంటాయి. రంగారావు కళ్లు మాత్రం ఎక్కడ లడ్డూ ఉందో అక్కడే ఉన్నాయి.

ఇక మాస్క్. ఇదంటే నాకు భక్తి. కటకానికి సగం నల్ల అట్ట అడ్డం పెట్టి ఒకవైపు నటుడిని తీస్తారు. ఫిల్మును చీకట్లో మొదటికి తిప్పుతారు, ఎన్ని బొమ్మలు తిరిగిందో లెక్క చూసుకుని మరీ. అట్టను రెండోవైపుకు మార్చి, అదే నటుడిని రెండో వేషంలో నిలబెట్టి, అదే ఫిల్ము మీద మళ్లీ తీస్తారు. మొదటిసారి పలికిన మాటకు రెండోసారి జవాబు సరిగ్గా అదే క్షణంలో పడాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత పడుతుంది. అందుకే పళ్లు పట్టుకుని ప్రతి బొమ్మనూ ఉన్నచోటే నిలిపే మిచెల్ కెమెరా అంటే ఆ రోజుల్లో అంత గౌరవం. ఇప్పుడు రెండు వేషాలకే ఇంత తిప్పలైతే, జగదేకవీరుని కథ (1961)లో శివశంకరీ పాట సంగతి ఊహించండి. పాడే ఎన్టీ రామారావు, వీణ మీటే రామారావు, మృదంగం వాయించే రామారావు, అందరూ ఒకే తెర మీద, ఒకే వెలుగులో. ఎన్నిసార్లు ఆ ఫిల్ము కెమెరాలోంచి వెళ్లి ఉంటుంది? ఒక్క పొరపాటు జరిగితే అప్పటిదాకా తీసినదంతా చెత్తబుట్టలోకే. ఘంటసాల గొంతు, పెండ్యాల స్వరం గురించి ఎంతైనా రాశారు, రాయాల్సిందే. ఆ ఫిల్మును వెనక్కి తిప్పి తిప్పి లెక్క తప్పకుండా నిలబెట్టిన కెమెరా సహాయకుల పేర్లు ఎవరైనా అడిగారా?

ఆ సినిమాకూ, మాయాబజార్‌కూ, పాతాళభైరవికీ, మిస్సమ్మకూ, గుండమ్మ కథకూ కెమెరా పట్టిన మహానుభావుడు మార్కస్ బార్ట్‌లీ. 1917లో సిలోన్‌లో పుట్టిన ఆంగ్లో ఇండియన్. టైమ్స్ ఆఫ్ ఇండియాకు ఫొటోలు తీసి, న్యూస్‌రీళ్లు తీసి, మద్రాసు వచ్చి మనవాడైపోయాడు. తెలుగు సినిమాలో వెన్నెలంటే ఆయనది. ఆకాశంలో వచ్చే వెన్నెల దానికి తర్వాతే. ఈ మాట అతిగా ఉందనిపిస్తే మాయాబజార్‌లో లాహిరి లాహిరి పాట మళ్లీ చూడండి.

ఆ పాట కొంత బయట నీళ్ల మీద, మిగతాది స్టూడియోలో తీశారని అంటారు. ఎక్కడ ఏది తీశారన్నది నాకు ముఖ్యం కాదు, ఎందుకంటే తెర మీద కలిసిన అతుకు కనబడదు. వెన్నెలను ఎలా తెస్తారు? నలుపు తెలుపు సినిమాలో రాత్రిని చూపించాలంటే చీకటి చెయ్యడం సులభం. చీకటి చేస్తే ముఖాలు పోతాయి. ముఖాల మీద దీపం వేస్తే రాత్రి పోతుంది. బార్ట్‌లీ వెలుగును వెనక నుంచి తెచ్చాడు. సావిత్రి జుట్టు అంచున, నాగేశ్వరరావు భుజం అంచున, పడవ కొసన, నీటి అలల మీద సన్నటి వెలుగు గీతలు. ముందు నుంచి ముఖానికి చాలా తక్కువ, ఎంత తక్కువంటే కళ్లలో మెరుపు పుట్టడానికి సరిపోయేటంత. తెలుపుకూ నలుపుకూ మధ్య ఎన్ని బూడిదరంగు మెట్లుంటాయో అన్నిటినీ వాడుకున్నాడు. అభిమన్యుడు, శశిరేఖ. కృష్ణుడు, రుక్మిణి. బలరాముడు, రేవతి. మూడు జంటలు ఆ పాటలోకి వస్తాయి, మూడు వయసులవాళ్లు. ఆ మూడు జంటల మీదా వెన్నెల ఒక్కటే. అయినా పడుచు ముఖాల మీద అది మెత్తగా, పెద్దవాళ్ల మీద కొంచెం నిండుగా పడుతుంది. సంధ్య, ఛాయాదేవి కూడా ఆ వెలుగులో ఎంత అందంగా ఉన్నారో చూడండి. మిస్సమ్మ (1955)లో రావోయి చందమామ పాటలోనూ ఇదే వెన్నెల. విజయా సంస్థ నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి 1947లో పెట్టిన పిల్లల పత్రిక పేరు కూడా చందమామే కావడం నాకెప్పుడూ సంతోషంగా ఉంటుంది.

బెంగాల్‌లో సుబ్రతో మిత్రో వెలుగును తెల్లగుడ్డ మీద పడేసి వెనక్కి తిప్పిన పద్ధతి గురించి ప్రపంచమంతా పుస్తకాలు రాసుకుంది. ఆయన గొప్పవాడే. ఆయన కెమెరా పట్టిన అపరాజితో 1956లో వస్తే, మాయాబజార్ 1957లో వచ్చింది. ఒక్క ఏడాది తేడా. ఒకరి గురించి సినిమా బడుల్లో పాఠాలున్నాయి, రెండోవాడి గురించి మనవాళ్లకే సరిగ్గా తెలియదు. రాక్షసులూ లడ్డూలూ ఉంటే కళ కాదని ఎవరు తీర్పు చెప్పారు? బార్ట్‌లీ మలయాళంలో చెమ్మీన్ (1965)కు రంగుల్లో సముద్రాన్ని తీసినప్పుడు, ఆ సినిమాకు రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చినప్పుడు, అప్పుడు గానీ కొందరు ఆయన వైపు తిరిగి చూడలేదు. ఇక్కడ పదేళ్లుగా ఆయన వెన్నెల కాయిస్తూనే ఉన్నాడు.

మాయాబజార్ ద్వారక ఇంకో అద్భుతం. అది చిన్న నమూనా ఊరు. ఇళ్లూ మేడలూ చేత్తో కట్టి, కిటికీల్లో చిన్న చిన్న దీపాలు వెలిగించి, కెమెరాను దాని ఎత్తుకు దించి తీశారు. నమూనాలు తీసేవాడికి పెద్ద శత్రువు నీరు. మేడను చిన్నది చెయ్యవచ్చు, నీటి బొట్టును చిన్నది చెయ్యలేం. అల చిన్నగా ఉంటే నమూనా అని బయటపడుతుంది. అందుకని కెమెరాను వేగంగా తిప్పి, తెర మీద నెమ్మదిగా నడిపిస్తారు. అప్పుడే చిన్న వస్తువుకు బరువు వస్తుంది. గోఖలే చిత్రకారుడు, కథారచయిత కూడా. ఆయన గీసిన గోపురాలకూ స్తంభాలకూ ఒక లెక్క ఉంది, ఒకదానిలాంటిది ఇంకొకటి లేదు. ఆ ఊళ్లో మనుషులు కాపురం ఉంటున్నారని నమ్మకం కలుగుతుంది.

వీళ్లందరినీ ఒక తాటి మీద నడిపిన దర్శకుడు తాడిపత్రి మనిషి కె.వి. రెడ్డి. స్క్రిప్టు చదివేటప్పుడు స్టాప్ వాచ్ చేతిలో పెట్టుకుని, ఏ సన్నివేశం ఎన్ని అడుగుల ఫిల్ము అవుతుందో ముందే రాసుకునేవాడని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతూ వచ్చారు. ట్రిక్కుకు ఈ లెక్కే ప్రాణం. సెట్టు మీదికి వెళ్లాక చూద్దాంలే అనేవాడికి మాస్క్ షాట్ లొంగదు. ఆయన చేతి కింద పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తర్వాత ఆదిత్య 369 (1991) తీశాడు, భైరవద్వీపం (1994) తీశాడు. భైరవద్వీపంలో మరుగుజ్జు మనుషులను చూస్తుంటే గురువు చెయ్యి శిష్యుడి భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

అయితే మాయాబజార్‌లో అన్నిటికంటే పెద్ద ట్రిక్కు కెమెరాది కాదంటాను. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లింటికి వస్తాడు కదా, అక్కడ సావిత్రి చేసిన పని. ఆడపిల్ల ఒళ్లు, రాక్షసుడి నడక. తల తిప్పే తీరులో రంగారావు, భుజం ఎగరెయ్యడంలో రంగారావు, కళ్లు పెద్దవి చేసి చూడటంలో రంగారావు. మధ్యలో ఎవరైనా వస్తే చటుక్కున సిగ్గుపడే పెళ్లికూతురు. అహ నా పెళ్లియంట పాటలో సుశీల గొంతులోకి ఘంటసాల గొంతు వచ్చి దూరుతుంది. సావిత్రి ముఖం ఆ రెండు గొంతులకూ తగ్గట్టు మారిపోతుంది. మారిన క్షణం పట్టుకోగలిగేంత నెమ్మదిగా మారదు. ఆ పని చెయ్యడానికి ఆమెకు మాస్కూ లేదు, స్టాప్ బ్లాకూ లేదు. 2018లో మహానటి వచ్చినప్పుడు కీర్తి సురేశ్ ఆ ఘట్టాన్ని ఎంతో శ్రద్ధగా మళ్లీ చేసింది, జాతీయ అవార్డు కూడా అందుకుంది. ఆ శ్రద్ధను మెచ్చుకుంటాను. అసలు ముద్ర మాత్రం చిర్రావూరు ఆడపడుచుదే.

రవికాంత్ నగాయిచ్ గురించి చెప్పకపోతే పాపం. ఉత్తరాది నుంచి వచ్చి ఎన్టీఆర్ మొదటిసారి దర్శకత్వం చేసిన సీతారామ కల్యాణం (1961)కు కెమెరా పట్టాడు. రావణుడి పది తలలు చూడండి. ఆ షాట్లు తీస్తున్నంతసేపు రామారావు గంటల తరబడి కదలకుండా నిలబడ్డారని చెప్పుకుంటారు. వినడానికి కథలా ఉన్నా, తెర మీద తలలు చూశాక నాకు నమ్మకం కుదిరింది. ఒక్కో తల ఒక్కోలా ఉండకూడదు, అన్నీ ఒకేలా కూడా ఉండకూడదు. ఆ రెంటి మధ్య దారి ఆయనకు తెలుసు. రాముడు భీముడు (1964)లో ఇద్దరు రామారావులు ఎదురెదురుగా నిలబడితే మధ్యలో గీత కనబడదు. నా ఓటు విజయా వారికే, బార్ట్‌లీకే. అయినా మాస్క్ పనిలో నగాయిచ్‌ది అంతే శుభ్రమైన చెయ్యి.

దర్శకుడు విఠలాచార్యను చులకన చేసేవాళ్లతో నేను ఒప్పుకోను. ఉడుపి వైపు నుంచి వచ్చిన ఆయనకు విజయా వారి సెట్లు లేవు, వాళ్ల సమయం లేదు. తక్కువ డబ్బుతో, ఎక్కువ వేగంతో, బందిపోటు, గండికోట రహస్యం లాంటివి ఇచ్చాడు. కాల్షీటు ఇవ్వని నటుడి పాత్రను చిలకగానో ఎలుగుబంటిగానో మార్చేసి కథ నడిపించేవాడని పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. జగన్మోహిని (1978)లో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేస్తుంది. చిన్నప్పుడు చూసినవాడు ఆ బొమ్మను జన్మలో మరిచిపోడు. కొద్ది డబ్బులోనే అంత భయాన్నీ అంత నవ్వునూ కలిపి పుట్టించాడంటే అది ఊహ బలం.

బాపు సీతాకల్యాణం (1976)లో గంగావతరణం కూడా ఈ సంప్రదాయంలోదే. ఆకాశం నుంచి గంగ దిగే ఆ ఘట్టానికి ఇంకో వ్యాసం కావాలి.

ఇప్పుడు కోపం గురించి రాయాలి.

2010 జనవరి 30న మాయాబజార్‌కు రంగులు వేసి విడుదల చేశారు. జనం వెళ్లి చూశారు. కొత్త పిల్లలకు దగ్గరైందని సంతోషించినవాళ్లున్నారు, వాళ్ల సంతోషాన్ని నేను కాదనను. కానీ ఆ లాహిరి పాటలో ఏమైందో చూడండి. బూడిదరంగు మెట్ల మీద బార్ట్‌లీ కట్టిన వెన్నెల మీద నీలం పూత పూశారు. పూత కింద మెట్లు మాసిపోయాయి. నలుపు తెలుపుకు సెట్టు కట్టేవాడు రంగును దృష్టిలో పెట్టుకుని కట్టడు. ఏ రంగు బట్ట ఫిల్ము మీద ఎంత బూడిదగా పడుతుందో లెక్క చూసుకుని కడతాడు. వేషం వేసే పీతాంబరం, భక్తవత్సలం లాంటివాళ్లు కూడా అదే లెక్కతో ముఖాలకు రంగు పూస్తారు. ఆ లెక్కంతా తెలిసినవాళ్లు తీసినదానికి, యాభై ఏళ్ల తర్వాత తోచిన రంగులు వెయ్యడం బాగు చెయ్యడమని నేను అనను. అది ఇంకొకరి చిత్రం మీద గీతలు గియ్యడం. రంగుల్లో తియ్యదలుచుకుంటే వాళ్లు తీసేవాళ్లు కాదా? లవకుశ 1963లో రంగుల్లో రానే వచ్చింది.

రంగుల సంగతి అలా ఉంచితే, డీవీడీల దుర్గతి ఇంకా ఘోరం. నా దగ్గరున్న డిస్కుల్లో ఒక దానిలో బొమ్మ పైనా కిందా కోసేశారు. ఆ రోజుల్లో తెర ఇంచుమించు నాలుగుకు మూడు కొలత. ఇప్పటి టీవీ పదహారుకు తొమ్మిది. టీవీ నిండాలని పాత బొమ్మ నెత్తి నరికేస్తారు. కృష్ణుడి కిరీటం మీద పింఛం ఉండదు, నర్తకి పాదాలు ఉండవు. ఇంకొక డిస్కులో కోయలేదు గానీ అడ్డంగా సాగదీశారు. రేలంగి, సావిత్రి ఇద్దరూ ఒకే ఒళ్లు చేసినట్టు కనబడతారు. మూలన కంపెనీ గుర్తు, మూడు గంటల పైచిలుకు సినిమా అంతా అది కదలదు. వీసీడీల్లో చూసినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ పద్ధతిలో 352 చుక్కల వెడల్పుకు మించి బొమ్మ ఉండదు. బొమ్మను చిన్నది చేసి కుక్కేటప్పుడు మొదట పోయేది చీకటి. చీకట్లోని బూడిదరంగు మెట్లన్నీ కలిసిపోయి చదరాలు చదరాలుగా కదులుతాయి. అంటే బార్ట్‌లీ ఏది ఎక్కువ కష్టపడి తీశాడో సరిగ్గా అదే ముందు పోతుంది. ఇప్పుడు ఫోన్లలో చూసే కాపీలు చాలావరకు ఈ డిస్కుల నుంచి ఎక్కించినవే. పిల్లలు వాటిని చూసి పాత సినిమాలు మసగ్గా ఉంటాయని అనుకుంటున్నారు. ఆ సినిమాలు మసగ్గా లేవు. 35 మిల్లీమీటర్ల నెగెటివ్ మీద ఉన్న వివరం మన ఇళ్లలోని పెద్ద టీవీలు చూపగలిగినంత ఉంటుంది.

పాట సంగతి కూడా వినండి. సినిమా సెకనుకు 24 బొమ్మలు. మన టీవీ పద్ధతిలో 25. కొందరు ఆ ఒక్క బొమ్మ తేడాను సినిమాను వేగంగా నడిపి సర్దేస్తారు. అలా చేసిన డిస్కులో నూటికి నాలుగు వంతులు వేగం పెరుగుతుంది, దాంతో శ్రుతీ పెరుగుతుంది. ఘంటసాల గొంతులోని ఆ గాంభీర్యం కాస్త పలచబడుతుంది. చెవి ఉన్నవాడికి తెలుస్తుంది. మాధవపెద్ది సత్యం నవ్వులోని అంత గట్టి గొంతు కూడా ఆ డిస్కులో కొంచెం సన్నగా వినబడింది.

ఒక సీడీ షాపులో నలుపు తెలుపు సినిమాలేవని అడిగితే, ఎవరు కొంటారండీ అవి, మూట కట్టి పైన పెట్టేశాం అన్నాడు కుర్రాడు. ఇప్పుడు ఆ షాపే లేదు, సెల్ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. అతన్ని ఏమీ అనలేను. అతని చేతికి మంచి కాపీ ఎవరిచ్చారు గనుక?

ఇక ఆ పాత మాయలకు వచ్చిన నకళ్ల సంగతి. నేను కంప్యూటరుకు వ్యతిరేకిని కాను. బాహుబలి (2015, 2017) చూసి చేతులెత్తి దండం పెట్టాను. సెంథిల్ కుమార్ కెమెరా, సాబు సిరిల్ కట్టిన మాహిష్మతి, మొదటి భాగానికి శ్రీనివాస మోహన్ గ్రాఫిక్సు, వీటన్నిటికీ ఒక బరువు ఉంది. రాజమౌళి మాయాబజార్ చూసి పెరిగినవాడు, అది తెర మీద కనబడుతుంది. కానీ 2023 జూన్‌లో వచ్చిన ఆదిపురుష్ చూసినప్పుడు నాకు కన్నీళ్లొక్కటే తక్కువ. అక్కడా పది తలల రావణుడే. పైన అయిదు, కింద అయిదు పెట్టారు. బరువు లేదు, వెలుగు లేదు, తలకూ మెడకూ సంబంధం లేదు. వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోందో తీసినవాళ్లకు తెలియకపోతే లంకకు పగలో రాత్రో తెలియదు. ఆ చేతుల్లో ఉన్న యంత్రాలు నగాయిచ్ చేతుల్లో ఉండి ఉంటే! ఇక టీవీ భక్తి సీరియళ్లలో ఎగిరే గదలు, కంప్యూటరు మంటలు, దేవతల తల వెనక తిరిగే చక్రాలు చూస్తే మా ఊళ్లో ఏ సురభి ట్రూపు వచ్చినా వీటికంటే మెరుగ్గా చేస్తుందనిపిస్తుంది. నిజంగానే చేస్తారు. వాళ్ల మాయ ప్రేక్షకుడికి పదడుగుల దూరంలో జరగాలి, తప్పు దిద్దుకునే వీలు ఉండదు.

మన దగ్గర చెయ్యగలిగిన పని ఒకటి ఉంది. సత్యజిత్ రాయ్ పథేర్ పాంచాలీ నెగెటివ్ లండన్‌లో 1993లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కాలిన ముక్కలనే ఒక్కొక్కటిగా సర్ది, పోయినచోట వేరే ప్రింట్ల నుంచి తెచ్చి అతికి, 2015లో 4కే చేసి ప్రపంచానికి చూపించారు. కాలినదాన్నే అంత చేస్తే, మన దగ్గర ఉన్నవాటికి ఎందుకు చెయ్యం? 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు దేశమంతా ముప్పై పైచిలుకు ఊళ్లలో ఆయన సినిమాలు పది వేశారు, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ అందులో ఉన్నాయి. పెద్ద తెర మీద వాటిని చూసిన కుర్రకారు ఎంత ఆశ్చర్యపోయి ఉంటారో నేను ఊహించగలను. అలాంటిది ఒక్కసారి శతజయంతికి చేసి ఊరుకోకూడదు. ప్రతి ఏడూ విజయవాడలో, గుంటూరులో, తెనాలిలో జరగాలి. రంగులు వెయ్యకుండా, నెత్తి నరక్కుండా, వేగం పెంచకుండా. నిర్మాతల వారసులు, ప్రభుత్వం, హక్కులు కొనుక్కున్న కంపెనీలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటే నెగెటివ్ ఆగదు. ఫిల్ము పాతబడితే పులిసి పుల్లటి వాసన వస్తుంది, వంకర్లు తిరుగుతుంది, తర్వాత ఏ యంత్రంలోనూ ఎక్కదు. హక్కులు ఎవరివైనా సరే, బార్ట్‌లీ పనిని అసలు కొలతలో, అసలు వెలుగులో ఒక్క డిస్కైనా, ఒక్క ఫైలైనా తెండి. తెలుగువాడు డబ్బిచ్చి కొంటాడు. అమెరికాలో, సింగపూరులో ఉన్న మనవాళ్లు రెండింతలు ఇచ్చి కొంటారు.

అంతవరకూ మీ దగ్గర ఏ కాపీ ఉంటే అదే చూడండి. కోయని కాపీ అయితే రిమోటులో తెర కొలత 4:3 పెట్టండి, పక్కన నల్లగా మిగిలితే మిగలనివ్వండి. మోషన్ స్మూతింగ్ అని ఉంటుంది, అది ఆపెయ్యండి. రంగు స్థాయి సున్నాకు దించండి. రంగుల మాయాబజార్ ఉన్నా సరే, అలా చేస్తే రంగు పోయి కొంతలో కొంత అసలుకు దగ్గరగా వస్తుంది. గదిలో దీపాలు తీసెయ్యండి. లాహిరి పాట దగ్గర ముఖాలు చూడకండి, మొదటిసారి నీళ్లు చూడండి, రెండోసారి సావిత్రి జుట్టు అంచున ఉన్న వెలుగు చూడండి. ప్రియదర్శిని అనే మాయాపేటిక తెరిచే చోట ఆపి, శశిరేఖ ముఖం మీద పేటికలోంచి పడే వెలుగు చూడండి.